అంచుల్లో వంగిన గళ్ళు

కొల్లేటి లంకల్లో మ్యాజిక్ లాంతరు చూపించడానికి మొదటిసారి వెళ్ళినప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. ఏలూరులో మిషను వాళ్ళ ఆడపిల్లల హైస్కూల్లో సైన్సూ లెక్కలూ చెప్పేదాన్ని. మా నాన్న గణపవరం దగ్గర ఒక పల్లెలో చర్చి ఉపదేశిగా పనిచేసి, నేను మద్రాసులో చదువుతుండగానే పోయారు. అమ్మ అంతకు ముందే పోయింది. తోబుట్టువులు లేరు. చదువు ముగించుకుని వచ్చేసరికి నాదంటూ మిగిలింది స్కూలు ఆవరణలో వెనకవైపు ఒక గది, ఒక ట్రంకుపెట్టె, నాన్న చదువుకున్న బైబిలు. సెలవులొస్తే హాస్టలు పిల్లలు ఊళ్ళకు వెళ్ళిపోయేవారు. అన్ని గదులకూ తాళాలు పడ్డాక నేనూ, మేట్రనుగారూ, ఆవిడ కోళ్ళూ మిగిలేవాళ్ళం.

లాంతరు స్కూలుది. లోపల కార్బైడు దీపం, దాని ముందు గాజు పలక మీద రంగులతో వేసిన బొమ్మ, దాని ముందు ఇత్తడి గొట్టంలో ఒక కటకం. ఎదురుగా తెల్ల దుప్పటి కడితే బొమ్మ దాని మీద పడుతుంది. మా హెడ్‌మిస్ట్రెస్ దొరసానిగారు ఏటా వానలు తగ్గాక దాన్ని పడవలో పెట్టించి లంకలకు పంపేవారు. చలిజ్వరం ఎలా వస్తుంది, కలరా ఎలా వస్తుంది, పసిపిల్లలకు ఏం పెట్టాలి, ఇలాంటి బొమ్మలు. చివర రెండు బైబిలు కథలు. అంతకు ముందు వెళ్ళే టీచరు పెళ్ళి చేసుకుని వెళ్ళిపోవడంతో ఆ ఏడు నన్ను వెళ్ళమన్నారు.

మొదటి లంకలో బడి అంటే తాటాకు పాక. ఈ గోడకు దుప్పటి కట్టి ఆ గోడకు లాంతరు ఆనించి పెట్టినా బొమ్మ పళ్ళెమంత కూడా రాలేదు. ఇంకా వెనక్కి జరపాలంటే నీళ్ళలోకి దిగాలి.

"అమ్మాయిగారూ, కాస్త పెద్దది చేద్దురూ. ఈ మూలకి ఏదీ ఆనట్లేదండీ" అంది వెనక నుంచి ఒకావిడ.

"ఇంతకన్నా పెద్దది కాదండీ."

"దోమే కదా, ఆ మాత్రమే ఉంటుంది" అన్నారెవరో. పాకంతా నవ్వింది. నేనూ నవ్వాను గాని చెవులు వేడెక్కాయి. ఆ దోమను చూపించడానికే గదా పొద్దుటి నుంచి పడవలో వచ్చింది!

మర్నాడు ఇంకో లంక. అక్కడ బయలు. జనం తోసుకోకుండా లాంతరును దూరంగా పెట్టాల్సి వచ్చింది. బొమ్మ దుప్పటి దాటిపోయి, సగం చీకట్లోకి జారి, వెలవెలబోయింది. తిరిగొచ్చి దొరసానిగారికి ఉన్నదున్నట్టు చెప్పాను.

"ఇంకొక లెన్సు తెప్పించెదము. దగ్గరకు ఒకటి, దూరమునకు ఒకటి. సరిపోవును కదా?" అన్నారావిడ. ఆవిడ తెలుగు బైబిల్లోంచి నేర్చుకున్న తెలుగు.

సరిపోయేదే. ఆ మాట ఒప్పుకోకపోతే తర్వాత చెప్పేదంతా అబద్ధమవుతుంది. కాని అప్పటికే నా బుర్రలో ఒక పురుగు దూరింది. స్కూలు రీడింగు రూముకి నెలల ఆలస్యంగా ఒక విదేశీ సైన్సు పత్రిక వచ్చేది. అందులో ఓ మూల నాలుగు పంక్తుల వార్త చూశాను. సినిమా కెమెరాలకు కొత్తరకం లెన్సు చేశారట. కెమెరా ఉన్నచోటే ఉంటుంది, ఒక పిడి తిప్పితే దూరాన ఉన్న మనిషి దగ్గరికి వచ్చినట్టు పెద్దవాడవుతాడట. బొమ్మ చెదరదట. పటం వెయ్యలేదు, లెక్క ఇవ్వలేదు. లాంతరంటే తిరగేసిన కెమెరాయే గదా, అక్కడ అయ్యేది ఇక్కడ ఎందుకు కాదు అనుకున్నాను.

ఏలూరు బజారులో కళ్ళజోళ్ళ షాపు ఒకటి ఉండేది. అక్కడ రెండు ఉబ్బు అద్దాలూ, ఒక లోతు అద్దమూ తీసుకుని అట్టగొట్టాల్లో బిగించాను. ఉబ్బు అద్దాల నడుమ లోతు అద్దాన్ని ముందుకూ వెనక్కూ జరిపితే లాబరేటరీ గోడ మీద బొమ్మ నిజంగానే పెరిగింది, తగ్గింది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. బయటికి పరుగెత్తుకొచ్చాను. వరండాలో మేట్రనుగారు బియ్యంలో రాళ్ళు ఏరుతున్నారు.

"బొమ్మ పెరుగుతోందండీ!" అన్నాను.

"ఏ బొమ్మ?"

"లాంతరు బొమ్మండీ. లాంతరు కదపకుండానే."

"మంచిదేగా" అని మళ్ళీ రాళ్ళు ఏరుకోవడంలో పడ్డారు. ఆవిడ తప్పేం లేదు. కాసేపు అక్కడే నిలబడి లోపలికి వచ్చేశాను.

సంతోషం కూడా అట్టే నిలవలేదు. బొమ్మ పెరిగిన ప్రతిసారీ మసకబారేది, మళ్ళీ గొట్టమంతా జరిపి తేటపరచాలి. బొమ్మ చుట్టూ ఇంద్రధనుస్సు చింపి అంటించినట్టు రంగుల అంచు. ఒక గాజు పలక మీద సిరాతో నిలువు గీతలూ అడ్డగీతలూ గీసి గళ్ళు చేసి వేసి చూశాను. నడుమ గళ్ళు గళ్ళలాగే ఉన్నాయి, అంచుల్లో మాత్రం తడిసిన అట్టలా వంకరపోయాయి. మద్రాసు పాఠాల్లో ఈ దోషాల పేర్లన్నీ వల్లించాను. వాటిని పోగొట్టడం ఎలాగో ఏ పాఠంలోనూ లేదు.

మరో నాలుగు అద్దాలకు వెళ్ళినప్పుడు షాపాయన ఉండబట్టలేక అడిగాడు.

"ఏవండీ టీచరుగారూ, ఇన్ని పట్టుకెళ్తున్నారు, మీ ఇంట్లో ఎంతమందికండీ చూపు ఆననిది?"

చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. "నేను అమ్మేవాణ్ణే గాని చేసేవాణ్ణి కాదండీ. తాడేపల్లిగూడెంలో ఒకాయన ఉన్నారు. సర్వే ఆఫీసులో, పొలాలూ కాలవలూ కొలిచే దుర్భిణీలు బాగుచేసేవారు. అద్దాల గురించి ఆయనకి తెలిసినంత ఈ జిల్లాలో ఇంకోళ్ళకి తెలీదండీ. పాపం, ఇప్పుడు ఆయనకే చూపు లేదు" అన్నాడు.

శనివారం పొద్దుటి పాసింజరెక్కి వెళ్ళాను. ఆయన తమ్ముడు పౌరోహిత్యం చేసుకునేవారు. తమ్ముడింట్లోనే ఈయన కాలక్షేపం. భార్య పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. వీధరుగు మీద పడక్కుర్చీలో కూర్చుని ఉన్నారు. కళ్ళల్లో శుక్లాలు పాలచుక్కల్లా కనబడుతున్నాయి. వెలుగూ నీడా తప్ప తెలియదట.

"ఎవరూ?"

"ఏలూరు నించి వచ్చానండీ. మిషను స్కూల్లో టీచర్నండీ. అద్దాల గురించి మిమ్మల్ని అడగమన్నారండీ."

"అద్దాల గురించా?" ఆయన నిటారుగా కూర్చున్నారు. "నన్ను అద్దాల గురించి అడిగినవాళ్ళు లేక ఆరేళ్ళయిందమ్మా. కూర్చోండి, కూర్చోండి."

అరుగు చివర కూర్చున్నాను. గొట్టం ఇచ్చాను. లోపలి అద్దాలను ఒక్కొక్కటీ తీసి బొటనవేలితో నిదానంగా తడిమి చూశారు. తర్వాత ఆయన అడిగిన ప్రశ్న నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

"బొమ్మ చిన్నదిగా ఉన్నప్పుడు అంచున ఎరుపు బయటికి వస్తోందా?"

"అవునండీ."

"పెద్దది చేసేసరికి ఎరుపు లోపలికి పోయి నీలం బయటికొస్తోందా? నడుమ ఎక్కడో ఒకచోట రెండూ మాయమైనట్టుంటాయి."

నేను వారం రోజులు చూసి రాసుకున్నది ఆయన కళ్ళు లేకుండా చెప్పేశారు. "అవునండీ అయ్యగారూ. మీకెలా తెలిసిందండీ?"

"మామూలు దుర్భిణీలో ఒక అద్దం చేసిన రంగుల తప్పుని పక్క అద్దం దిద్దుతుందమ్మా. అవి కదలవు గనక పేచీ లేదు. ఇక్కడ మీరు కదుపుతున్నారు. కదిపితే ఆ సర్దుబాటు చెడుతుంది. కనక కదిలే ప్రతి జట్టూ తన తప్పు తానే దిద్దుకోవాలి, పక్కదాని మీద వెయ్యకూడదు. అంటే ఒక్కో చోట ఒక్కో అద్దం కాదు, రెండేసి రకాల గాజు కలిపి అతికించిన అద్దాలు ఉండాలి."

ఆయన మరదలు మంచినీళ్ళు తెచ్చి గ్లాసు అరుగు మీద నాకు అందేంత దూరంలో పెట్టి వెళ్ళారు. తాగి, కడిగి, బోర్లించాను. అది నాకు కొత్త కాదు, ఆవిడకీ కొత్త కాదు. నేను వెళ్ళొస్తానని లేస్తే పెద్దాయన, "మళ్ళీ శనివారం వస్తారా?" అని అడిగారు. చిన్నపిల్లలు అడిగినట్టుంది ఆ అడగడం.

అలా మొదలైంది. వరసగా శనివారాలు వెళ్ళాను. రెండోసారికే ఆయన, "అయ్యగారూ అనకు. పాఠం చెబుతున్నాను గనక మాస్టారూ అను చాలు" అన్నారు. నన్ను "అమ్మాయ్" అనడం కూడా అప్పుడే మొదలుపెట్టారు. నాన్న పోయాక నన్ను అలా పిలిచినవాళ్ళు లేరు.

ఆయన నేర్పింది ఒక్కటే పని. ఒక వెలుగు కిరణాన్ని ఊహించుకుని, అది మొదటి అద్దం మీద ఎక్కడ తగిలిందో, ఎంత వంగిందో లెక్కకట్టి, రెండో ముఖానికి తీసుకెళ్ళి, అక్కడి నుంచి మూడోదానికి, అలా చివరన దుప్పటి మీద ఎక్కడ పడుతుందో తేల్చాలి. ఆ తర్వాత ఇంకో కిరణం, కాస్త పైన. ఆ తర్వాత అదే కిరణం ఎరుపులో, నీలంలో. అన్నీ ఒకే చోట పడితే బొమ్మ తేటగా ఉంటుంది. బొమ్మ చిన్నదిగా ఉన్నప్పుడు ఒకసారి, నడిమిలో ఒకసారి, పెద్దదైనప్పుడు ఒకసారి ఈ లెక్కంతా మళ్ళీ మొదటి నుంచీ చెయ్యాలి.

స్కూల్లో ఉన్న నాలుగంకెల లాగరిథం పట్టికలతో చేసి తీసుకెళ్ళాను. "ఇది కట్టెల తక్కెడతో బంగారం తూచినట్టుందే" అని ఆయన లోపలి నుంచి ఏడంకెల పట్టికల పుస్తకం తెప్పించి ఇచ్చారు. సర్వే ఆఫీసులో వాడి వాడి అట్ట ఊడిపోయింది. మార్జిన్లలో ఆయన వయసులో ఉన్నప్పటి చేతిరాత. 

పొద్దున్నే నాలుగున్నరకి లేచి, ప్రార్థన గంట కొట్టేదాకా లెక్కలు చేసేదాన్ని. ఒక్క కిరణానికి ఒక పొద్దు పట్టేది. ఆదివారం నుంచి శుక్రవారం దాకా ఆ లెక్కల సంగతి ఎత్తడానికి మనిషి లేడు. తోటి టీచర్లు మంచివాళ్ళే. అన్నం దగ్గర పిల్లల మార్కులూ, ఎవరికో కుదిరిన సంబంధాలూ మాట్లాడుకునేవారు. ఒకసారి నేను ధైర్యం చేసి నీలం కిరణం గురించి చెప్పబోతే ఒకావిడ నా నుదుటి మీద చెయ్యిపెట్టి చూసింది, జ్వరమేమోనని. అందరం నవ్వుకున్నాం. తర్వాత నేను ఆ ఊసెత్తలేదు.

నాలుగు నెలలకు లెక్క అడ్డం తిరిగింది. బొమ్మ పెద్దదైన చోట కిరణాలు ఎన్నిసార్లు చేసినా కలవడం లేదు. అద్దాలే పనికిరావేమోనని నిరాశ పడిపోయి ఆ శనివారం వెళ్ళాను.

"మొదటి నించీ చదువు" అన్నారు మాస్టారు.

చదవడం మొదలెట్టాను. ఆయన కుర్చీ చేతి మీద వేలితో తాళం వేస్తున్నట్టు కొడుతూ వినేవారు. ఎదురింటి గేదెను పాలు పితకడం అయింది, వీధిలో పెంటపాడు పోయే ఒంటెద్దు బండి వెళ్ళింది, నేను చదువుతూనే ఉన్నాను. నాలుగో ముఖం దగ్గర వేలు ఆగింది.

"ఆగాగు. ఆ ముఖం ఎటు ఉబ్బు?"

"లోపలికి వంగిందండీ."

"మరి గుర్తు?"

చూసుకున్నాను. వంపు తిరిగినప్పుడు లెక్కలో గుర్తు కూడా తిరగాలి. నేను తిప్పలేదు. నెల్లాళ్ళ పని, ఒక చిన్న అడ్డగీత దగ్గర పోయింది. ఏడుపొచ్చింది నాకు.

"ఏడుస్తున్నావా?" అన్నారాయన, గొంతులో మార్పు విని.

"లేదండీ."

"ఏడిస్తే ఏడువు గాని, ఐదో ముఖం దగ్గర ఇదే తప్పు చెయ్యకు. నేను ఒకసారి ఇలాగే మూడు నెలలు పోగొట్టుకున్నాను. మా ఆవిడ పోయిన ఏడు."

ఆయన భార్య గురించి చెప్పింది ఆ ఒక్కసారే.

మాకు గాజు చెక్కుకునే ఏర్పాటు లేదు. ఆయన దగ్గరో చెక్కపెట్టె ఉండేది. పాడైపోయిన దుర్భిణీల్లోంచి తీసి దాచుకున్న అద్దాలు అందులో దూది మధ్య నిద్రపోతున్నాయి. దుర్భిణి ముందుభాగంలో ఉండే అతుకు అద్దాలు రెండు, ఏదో ఆఫీసరు పారేసిన జంట దుర్భిణీలోంచి కంటి దగ్గరుండే లోతు అద్దం ఒకటి, అదీ అతికించిందే. మొదటి వారాల్లోనే తడిమి తడిమి ఆ మూడూ ఎంచారు. "ఉన్న అద్దాలివి. వీటి మధ్య దూరాలు మాత్రమే మన చేతిలో ఉన్నాయి. సంసారం లాంటిదే" అన్నారు. ఎంత దూరంలో పెడితే ఏ దోషం తగ్గుతుంది, అప్పుడు ఏది పెరుగుతుంది అన్నదే మిగతా ఏడాదంతా మా పని. రంగులు అణిగితే గళ్ళు వంగేవి. గళ్ళు సర్దితే మూలలు మసకబారేవి. "ఒకటి నొక్కితే ఒకటి లేస్తుంది. దేన్నీ పూర్తిగా చంపలేం. ఏది కంటికి తక్కువ బాధో దాన్ని ఉండనివ్వాలి" అనేవారు.

లెక్క తేలాక ఏలూరులో ఒక ఇత్తడి పనివాడి దగ్గర గొట్టం చేయించాను. ఒకదానిలో ఒకటి తిరిగే రెండు గొట్టాలు. పై గొట్టానికి రెండు గాడులు, ఆ గాడుల్లో కదిలే అద్దాల చీలలు, లోపల అంచు వెలుగును ఆపడానికి నడుమ చిల్లున్న ఒక బిళ్ళ. గొట్టం తిప్పితే నడిమి అద్దం జరుగుతుంది, దానితోపాటు ముందు అద్దం కూడా కొంచెం జరిగి బొమ్మను తేటగా ఉంచుతుంది. నేను కాగితం మీద గీసిన గాడి చూసి పనివాడు తల గోక్కున్నాడు.

"ఈ వంకరేంటండీ అమ్మగారూ? తిన్నగా కోసేస్తే అందంగా ఉంటదండీ."

"తిన్నగా కోస్తే బొమ్మ చెదురుతుందండీ. ఆ వంకర కోసమే ఏడాది కష్టపడ్డాను."

"వంకర కోసం కష్టపడ్డం ఇదే చూడ్డం" అన్నాడు గాని, కోసినవాడు మాత్రం వెంట్రుక వాసి తప్పకుండా కోశాడు.

ఆ రోజుల్లోనే మాస్టారి కంటికి ఆపరేషను చేయిద్దామని తమ్ముడు అన్నారు. దూరాన పెద్దాసుపత్రిలో. మాస్టారికి మొదట భయం, తర్వాత ఒక ఆశ పుట్టింది. "ఒక కన్ను బాగైనా ఏలూరొచ్చి మన బొమ్మ చూస్తానమ్మాయ్" అన్నారు వెళ్ళే ముందు శనివారం. నేను స్టేషనుకి వస్తానంటే వద్దన్నారు. నలుగురూ ఏమనుకుంటారో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

మూడు వారాలు కబురు లేదు. ఉత్తరం రాద్దామని కార్డు ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఎవరికి రాయను? తమ్ముడుగారికి రాస్తే, ఈవిడెవరు అడగడానికి అనుకోరా? కూతుర్ని కాదు, శిష్యురాలినని చెప్పుకోవడానికి ఆయన బడిపంతులు కాదు. కార్డు మీద తారీకు వేసి, అలాగే పుస్తకంలో పెట్టేశాను. ఆ మూడు వారాల్లో గొట్టంలో అద్దాలు బిగించి లాబరేటరీలో గళ్ళ పలక వేసి చూశాను. గొట్టం తిప్పాను. గళ్ళు పళ్ళెమంత నుంచి తలుపంత అయ్యాయి. చెదరలేదు. రంగు అంచు దాదాపు లేదు. ఒక్కదాన్నే ఆ గదిలో గొట్టం తిప్పుతూ, గోడ దాకా వెళ్ళి స్కేలుతో కొలుస్తూ, తిరిగి వస్తూ ఒక మధ్యాహ్నమంతా గడిపాను.

నాలుగో శనివారం ఉండలేక వెళ్ళాను. మాస్టారు అదే కుర్చీలో ఉన్నారు. కుడికంటికి గుడ్డ కట్టి ఉంది. ఆపరేషను తర్వాత కన్ను చీముపట్టిందట. ఎవరి తప్పూ లేదట, ఒక్కొక్కరికి అలా అవుతుందట. ఆ కన్ను తీసేశారు. రెండోది ముట్టుకోవద్దని ఈయనే చేతులు జోడించి చెప్పి వచ్చేశారు.

వెళ్ళి అరుగు చివర కూర్చున్నాను. ఆయనే అడిగారు.

"గొట్టం వచ్చిందా?"

"వచ్చిందండీ."

"రంగులు?"

"చాలా తగ్గాయండీ. వెతికితే గాని కనబడవు."

"గళ్ళు?"

"నడుమ తిన్నగా ఉన్నాయండీ."

"అంచుల్లో?"

అక్కడ ఆగాను. ఆయన ఇంక ఎన్నటికీ చూడరు. ఇంకెవరూ చూసి ఆయనకు చెప్పరు. తిన్నగానే ఉన్నాయండీ అంటే ఆ ముఖంలో కాస్త వెలుగొస్తుంది. నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట.

"పెద్ద బొమ్మలో వంగుతున్నాయండీ మాస్టారూ. పీపా పక్కల్లా బయటికి ఉబ్బుతున్నాయి. మూలల్లో గోరంత."

"గోరంటే? చిటికెనవేలిదా, బొటనవేలిదా?"

"బొటనవేలిదండీ."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. కాసేపటికి భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారేమోనని భయపడ్డాను, నవ్వుతున్నారు.

"తిన్నగా ఉన్నాయంటావేమోనని నా ప్రాణం కొట్టుకులాడిందే అమ్మాయ్. ఆసుపత్రిలో పడుకుని మనసులో లెక్క కడితే నాకూ బొటనవేలంతే వచ్చింది. నువ్వలా అనుంటే ఇంక నీతో నేనేం మాట్లాడేవాణ్ణి?"

అప్పుడు నేను నిజంగానే ఏడ్చాను. ఆయన ఏడవనిచ్చారు.

ఆ ఏడు వానలు తగ్గాక గొట్టాన్ని పాతచీరలో చుట్టి పడవెక్కాను. కిక్కిస గడ్డి దుబ్బుల మధ్య నుంచి పడవ పోతుంటే నీటికోళ్ళు లేచి మళ్ళీ వెనక వాలుతున్నాయి. చేరిన లంకలో పాక నిండా జనం. దీపాలవేళకి మొదలుపెట్టాను. దోమ బొమ్మ వేసి, "ఇది మనల్ని కుట్టే దోమండీ" అంటూ గొట్టం మెల్లగా తిప్పాను. దోమ అరచెయ్యంత, చేటంత, ఆపైన దుప్పటంత అయింది. ముందు వరసలో చంటిపిల్ల కెవ్వుమంది.

"ఓలమ్మో, ఇంక ఆపండమ్మా!" అన్నాడు వల భుజాన వేసుకుని నిలబడ్డ ఒక పెద్దాయన. "అది ఇటే వస్తంది!"

తగ్గించాను. "మళ్ళీ పెంచండి" అన్నారు. పెంచాను. "తగ్గించండి." దోమ వస్తోంది, పోతోంది. నవ్వులు, కేకలు. చలిజ్వరం గురించి నేను చెప్పిన ఒక్క ముక్కా ఎవరూ వినలేదు. అంచు గళ్ళు వంగుతాయన్న సంగతి అక్కడ ఎవరికీ పట్టలేదు, దోమకు గళ్ళుండవు గదా.

తిరుగు పడవలో మాట్లాడేవాళ్ళు లేరు. పడవవాడు వెనక నిలబడి గెడ వేస్తున్నాడు. ఆ నవ్వులన్నీ శనివారం దాకా దాచుకోవాలి, ఒక్కటీ మరిచిపోకూడదనుకుంటూ కూర్చున్నాను.

శనివారం చెప్పాను. మాస్టారు వల పెద్దాయన మాట మూడుసార్లు చెప్పించుకున్నారు. ఆ తర్వాత, "అమ్మాయ్, తమ్ముడికి రాజమండ్రి అవతల ఒక గుడిలో అర్చకత్వం కుదిరింది. వచ్చే నెల అందరం వెళ్ళిపోతున్నాం" అన్నారు. నేను పట్టికల పుస్తకం తిరిగి ఇవ్వబోతే, "నాకెందుకే అది" అన్నారు.

రెండు కార్డులు వచ్చాయి, తమ్ముడి చేతిరాతతో. మొదటిదాంట్లో క్షేమ సమాచారాలు రాసి, చివర, "మూలల వంపుకు వెలుగును ఆపే బిళ్ళను లోతు అద్దానికి ముందుకు జరిపి చూడమని అన్నయ్య చెప్పమన్నారు" అని ఉంది. రెండోదాంట్లో, "జరిపావా అని అడుగుతున్నారు" అని. మూడో కార్డు ఆయన పోయారని. కర్మలన్నీ అయిపోయాక రాశారది. నేను దాన్ని చదివేనాటికి ఏం చెయ్యడానికీ లేదు. ఆ రోజు క్లాసులు ఉన్నాయి, చెప్పాను.

బిళ్ళ జరిపే లెక్క చెయ్యడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఇంతకు ముందు తప్పులు పట్టేవారు ఆయన. ఇప్పుడు ఒక్కో లెక్కా రెండుసార్లు, వేరే వేరే కాగితాల మీద చేసి పోల్చుకునేదాన్ని. కొన్నిసార్లు పైకి చదువుకునేదాన్ని, గుర్తులు చెవికి తగులుతాయేమోనని. చివరికి ఆయన చెప్పిందే నిజమైంది. బిళ్ళను ముందుకు జరిపి, మొదటి రెండద్దాల మధ్య దూరం కాస్త తగ్గించి, ఇత్తడి పనివాడితో ఇంకో గాడి కోయించాను. గళ్ళ పలక వేశాను. మూలల్లో వంపు దారం మందానికి దిగింది.

తమ్ముడుగారికి కార్డు రాశాను. ఈసారి తారీకు దగ్గర ఆగలేదు, పూర్తిగా రాసి పోస్టు చేశాను. జవాబు రాలేదు. ఆయనకు ఆ రాతలో ఏం అర్థమై ఉంటుంది!

దొరసానిగారిని పిలిచి చూపించాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని గళ్ళను చాలాసేపు చూశారు.

"చాలా బాగున్నది. అయితే ఇదివరకును బాగుగనే యుండెను గదా?" అన్నారు.

"అవునండీ. ఇదివరకు మూలల్లో కొంచెం వంగేవండీ."

"అట్లనా? నేను గమనింపలేదు" అని నా భుజం తట్టి వెళ్ళిపోయారు. కిటికీ తలుపులు తెరిచాను. గోడ మీద గళ్ళు వెలుగులో కలిసిపోయాయి. పలక తీసి, తుడిచి, పెట్టెలో పెట్టి, మధ్యాహ్నం క్లాసుకి వెళ్ళాను. ఆ రోజు పాఠం భిన్నాలు.